పడవ ఎక్కించాల్సింది ఎవరు?

తడ మండలం భీమునివారిపాలెం రేవు నుంచి పులికాట్ సరస్సు నడుమనున్న ఇరకం దీవికి పడవే దారి. నడవగలిగినవాళ్లకే అది ప్రయాస. ఇక కాళ్లు కదపలేని పిల్లను చంకనెత్తుకుని ఏ తల్లి ఎన్నాళ్లు బడికో ఫిజియోథెరపీకో తిప్పగలదు? ఆ రోజు కూలి పోతుంది, నడుం పడిపోతుంది. చివరికి పిల్ల ఇంట్లోనే ఉండిపోతే తల్లిదండ్రుల నిర్లక్ష్యమని రాసేసుకుంటాం.

ఆ మాట వాళ్లకు అంటగట్టడం అన్యాయం. దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. పిల్లలకు రవాణా కల్పించాలని, ఎక్కువ ఆసరా కావాల్సిన పిల్లల వెంట వెళ్లే మనిషికీ కల్పించాలని దాని 16వ సెక్షన్ చెబుతోంది. సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం ఉంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. కానీ ఆ భత్యం రోడ్డున్న ఊరికి, ఆటో దొరికే ఊరికి లెక్కగట్టింది. చక్రాల కుర్చీ ఎక్కే పడవను అది తెచ్చిపెట్టదు.

ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022లో చెప్పింది. మంచిదే. అయితే దీవిలో పదిమంది ఎక్కడ కుదురుతారు? సంఖ్య చాలలేదని టీచర్‌ను ఆపేస్తే చిన్న ఊళ్ల పిల్లలు ఎప్పటికీ లెక్కలోకి రారు. ఇంటివద్దే విద్య ఉందిగా అంటారు. మంచం దిగలేని బిడ్డకు అది కావాలి, మిగతా పిల్లలను తోటివారికి దూరం చేయడానికి మాత్రం దాన్ని అడ్డుపెట్టుకోకూడదు.

దారి లేదన్న మాట నమ్మలేం. ఒకటో తారీఖున దివ్యాంగుల పింఛను ఆరు వేలు ఇంటికే వస్తోంది. 2025 జనవరిలో ఫ్లెమింగో పండుగ జరిగితే అదే భీమునివారిపాలెంలో పర్యాటకులకు పడవ షికార్లు ఏర్పాటయ్యాయి. కొంగలను చూడ్డానికి వచ్చినవాళ్లకు దొరికిన పడవ బడికెళ్లే పిల్లకు దొరకదా?

తిరుపతి జిల్లా యంత్రాంగం వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా నాలుగు పనులు చేయాలి. రేవులో రెండు వైపులా ర్యాంపు కట్టాలి. బడివేళలకు సర్కారు ఖర్చుతో పడవ నడపాలి. పిల్లల సంఖ్యతో నిమిత్తం లేకుండా వారంలో నిర్ణీత రోజుల్లో ప్రత్యేక ఉపాధ్యాయుడు దీవికి రావాలి. వైకల్య ధ్రువపత్రమిచ్చే సదరం శిబిరం దీవిలోనే పెట్టాలి, ఎందుకంటే ధ్రువపత్రం లేని బిడ్డ పింఛను జాబితాలోనూ కనబడదు.