డిగ్లీపూర్‌లో కాకినాడ మధ్యాహ్నం

బడ్జెట్ సమావేశాల నడుమ విరామం వచ్చినప్పుడు పార్లమెంటు విలేఖరికి పని వుండదని మా ఇంట్లోవారి అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఖండించకుండా, దాన్నే ఆసరా చేసుకొని ఈసారి నేను అండమాన్ వెళ్లి వచ్చాను. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట వినబడడం వింత కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వందమందిలోను పదముగ్గురు తెలుగువారే గదా. అక్కడినుండి చాలా దూరం ఉత్తరాన, శాడిల్ పీక్ కొండకు చేరువలో వున్న డిగ్లీపూర్‌లో ఒక ప్రాథమిక పాఠశాలను చూశాను. ఈ వారం సభల సంగతులు పక్కనబెట్టి ఆ బడి సంగతే రాస్తున్నందుకు పాఠకులు మన్నింతురు గాక.

నేను వెళ్లేసరికి ఐదో తరగతి పిల్లలు ఆవరణలో ఒక వెదురు కర్ర పాతి, పది నిమిషాలకొకసారి దాని నీడ కొసన గులకరాయి పెడుతున్నారు. నీడ ఎప్పుడు అన్నిటికంటె పొట్టిదవుతుందో అదే మధ్యాహ్నమని మాష్టారు చెప్పి వున్నారు. పిల్లలు పన్నెండు గంటల కోసం ఎదురు చూశారు. తీరా చూస్తే పదకొండున్నర ప్రాంతానికే నీడ తరగడం మాని పెరగడం మొదలుపెట్టింది. గడియారం తప్పన్నది ఒక పిల్ల. కర్ర ఒరిగిందన్నాడు మరొక పిల్లవాడు. వెంటనే దారానికి రాయి కట్టి, కర్ర పక్కన వేలాడదీసి, నిటారుగానే వున్నదని నిర్ధారించారు. ఈ బడిలో బెంగాలీ ఇళ్ల పిల్లలున్నారు, రాంచీ వారని అక్కడ పిలిచే ఛోటానాగపూర్ కుటుంబాల పిల్లలున్నారు, తెలుగు పిల్లలున్నారు. నీడకు బోధనా మాధ్యమం అక్కరలేదు కాబోలు, తగవు మాత్రం అందరికీ అర్థమయ్యే హిందీలో సాగింది.

తాత కాలంలో శ్రీకాకుళం వైపునుండి వచ్చి స్థిరపడిన ఆ మాష్టారు జవాబు చెప్పలేదు. కాకినాడలో వున్న తమ మేనల్లుడికి ఫోను చేసి, అక్కడా ఒక కర్ర పాతించారు. కాకినాడలో నీడ పన్నెండు దాటిన తరువాత గాని పొట్టిది కాలేదు. రెండు చోట్లకూ నడుమ నలభై నిమిషాలకు పైగా తేడా. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. డిగ్లీపూర్ 93వ తూర్పు రేఖాంశం దగ్గర వుంటే, మన దేశ కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ చెంతనుండి పోతుంది. పిల్లలు పలకమీద లెక్క కట్టి తేల్చుకున్నది ఏమంటే, వారి బడి గోడమీది గడియారం చూపుతున్నది కాకినాడ మధ్యాహ్నాన్ని. ఋతువును బట్టి కాస్త అటూ ఇటూ జరిగినా, డిగ్లీపూర్ మధ్యాహ్నం సగటున నలభై రెండు నిమిషాలు ముందే వచ్చి వెళుతుంది. ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, ముప్పయ్యేళ్లుగా పన్నెండు గంటలకు ప్రశ్నోత్తరాల సమయం ముగియడం చూస్తూ వచ్చిన నాకు, పన్నెండంటే మధ్యాహ్నం కానక్కరలేదని అంతవరకూ తట్టలేదు.

ఇది పిల్లల ఆట అనుకొనరాదు. దేశానికి రెండు కాలమానాలు కావాలన్న కోరిక పార్లమెంటులో పలుమారులు వినవచ్చింది. జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2018లో రెండవ కాలమానాన్ని ప్రతిపాదిస్తూ, ఈశాన్య రాష్ట్రాలతోపాటు అండమాన్ నికోబార్ దీవులనూ అందులో చేర్చారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆ నిర్ణయం సబబా కాదా అన్నది వేరు చర్చ. ఆ చర్చలో పాల్గొన్నవారిలో ఎందరు ఎన్నడైనా కర్ర పాతి చూశారన్నది నా సందేహం.

పరికరాలు లేకనే మన ప్రాథమిక పాఠశాలల్లో విజ్ఞానశాస్త్రం వల్లెవేతగా మారిందని ఢిల్లీలో తరచు వింటాము. పరికరాలు ఇవ్వకపోలేదు. 1986 జాతీయ విద్యావిధానం దరిమిలా ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పేరిట ప్రాథమిక పాఠశాలలకు సైన్సు పెట్టెలు పంపారు. మా జిల్లాలో నేను చూసిన ఒక బడిలో ఆ పెట్టె బీరువాలో భద్రంగా వుండేది. భూతద్దం పగిలితే ఆడిట్‌కు ఎవరు సమాధానం చెబుతారని ప్రధానోపాధ్యాయుని భయం. తాళంచెవి ఆయన జంధ్యానికే వుండేది.

ఇప్పటి పథకం వేరు. 2016 నుండి నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ప్రయోగశాలలను నెలకొల్పుతున్నది. ఒక్కొక్క బడికి 20 లక్షల రూపాయల వరకు సహాయం, పదివేలకు పైగా ప్రయోగశాలలు. మరి 50 వేలు అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో పెడతామని 2025 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి ప్రకటించారు. మంచిదే. అయితే ఇవి ఆరో తరగతి నుండి పన్నెండో తరగతి వరకే. గడియారాన్ని అనుమానించిన ఆ ఐదో తరగతి పిల్లకు వాటిలో ప్రవేశం లేదు. ప్రశ్న అడిగే వయస్సు దాటి, పరీక్ష భయం పట్టుకున్న తరువాత ప్రయోగశాల తలుపు తెరవడం ఏ విధమైన ప్రణాళికో నాకు బోధపడలేదు. ఇరవై లక్షల అవసరం కూడా లేదు. డిగ్లీపూర్ కర్ర ఖరీదు సున్న. అక్కడ కావలసింది మాష్టారికి కొంత శిక్షణ, కొంత తీరిక, సిలబసు పూర్తి కాలేదని అడగని అధికారి.

ఆ మూడవదే దుర్లభం. మధ్యప్రదేశ్‌లో 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలలతో మొదలైన హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధనా కార్యక్రమం ముప్పయ్యేళ్లలో దాదాపు వేయి బడులకు వ్యాపించింది. పిల్లలు స్వయంగా ప్రయోగం చేసి, కనిపించినది రాసుకొనేవారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఒక్క ఉత్తర్వుతో మూసివేసింది. మన కుప్పం సమీపాన అగస్త్య ఫౌండేషన్ ఏళ్ల తరబడి ప్రయోగ సామగ్రిని వ్యానులకెత్తి పల్లె బడులకు పంపుతున్నదంటే, అది ప్రభుత్వ ఉత్తర్వు మీద పూర్తిగా ఆధారపడని సంస్థ కావడం కూడా ఒక కారణమే.

డిగ్లీపూర్‌కు చూపడానికి వున్నది కర్రనీడ ఒక్కటే కాదు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఆ ప్రాంతపు తీరం పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడితే, దక్షిణాన పోర్ట్ బ్లెయిర్ వైపు నేల కుంగింది. కాలీపూర్ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టవస్తాయి. శ్యామనగర్‌లో బురద అగ్నిపర్వతాలున్నాయి. ఇంత ప్రయోగశాల ఏ మంత్రిత్వశాఖ కట్టించగలదు? కాని ఆ పిల్లల తరఫున అడిగే శాసనసభ అక్కడ లేదు. 1967 వరకు ఆ దీవుల లోక్‌సభ సభ్యుణ్ణి సైతం రాష్ట్రపతియే నామినేట్ చేసేవారు. నేటికీ వున్నది ఒక్క స్థానమే. దీవుల పద్దు హోంశాఖ వెంట వచ్చి, చాలా ఏళ్లు ఏ మాటా లేకుండా గిలెటిన్ కింద ఆమోదం పొందుతుంది. ప్రెస్ గ్యాలరీలో కూర్చుని అది చూసినవాణ్ణి గనుక చెబుతున్నాను, దానికి పట్టే సమయం నీడ ఒక గులకరాయి దాటేటంత కూడా వుండదు.

మాష్టారికి వచ్చే ఏడు బదిలీ కావచ్చునట. కర్రను ఎవరు పాతుతారని అడిగితే నవ్వి వూరుకున్నారు.

ఏప్రిల్ చివరి వారంలో ఒకనాడు డిగ్లీపూర్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ మాయమవుతుంది. ఇంచుమించు అదే అక్షాంశంపై వున్న కుప్పంలో ఒకటి రెండు రోజుల తేడాతో అదే జరుగుతుంది. బయలుదేరుతుండగా ఆ గడియారపు పిల్ల, ఢిల్లీలో నీడ ఏ రోజున మాయమవుతుంది అంకుల్, అని అడిగింది. చూసి రాస్తానన్నాను. వచ్చిన తరువాత పుస్తకం తిరగేస్తే, కర్కటరేఖకు ఉత్తరాన వుండడం చేత ఢిల్లీలో అది ఎన్నడూ మాయం కాదని తెలిసింది. ఆ జాబు ఇంకా రాయవలసి వుంది.