వ్యాపారి ఐపీ పెడితే మన బాకీ ఏమవుతుంది?

పత్తి, మిర్చి పండే ఊళ్లలో ‘ఐపీ పెట్టాడు’ అన్న మాట తెలియని రైతు ఉండడు. సరుకంతా అరువుకు కొన్న వ్యాపారి ఒకరోజు తాళం వేసి వెళ్లిపోతాడు. నెల తిరగకుండానే కోర్టు నోటీసు వస్తుంది. డబ్బు పోయినట్టేనని చాలామంది ఆ కాగితాన్ని చూరులో దోపేస్తారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అప్పులు తీర్చే స్తోమత లేదు, దివాలాదారుగా ప్రకటించమని కోర్టును అడగడం. వ్యక్తుల విషయంలో మన జిల్లాల్లో ఇది ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తోంది. పిటిషన్ వేసినంత మాత్రాన బాకీ రద్దు కాదు. విచారణ రోజు మీరు హాజరైతే, అతని ఆస్తులు, లావాదేవీల గురించి కోర్టు ముందే ప్రశ్నించే హక్కు మీకుంది. ఎవరూ రాకపోతే అతను చెప్పిందే లెక్క అవుతుంది.

అడగాల్సిన మొదటి ప్రశ్న: పొలం, ఇల్లు ఎప్పుడు ఎవరి పేరు మీదకు మారాయి? పిటిషన్‌కు ముందు రెండేళ్లలో భార్యకో బావమరిదికో రాసిచ్చిన ఆస్తిని కోర్టు వెనక్కి తెప్పించగలదు. నిజంగా ధర చెల్లించి, మంచి ఉద్దేశంతో కొన్నవారి జోలికి మాత్రం పోదు. ఈసీ తీయిస్తే ఈ సంగతి బయటపడుతుంది. నలుగురు రైతులు కలిసి తీయిస్తే ఖర్చు పెద్దగా ఉండదు.

అతన్ని దివాలాదారుగా ప్రకటించాక మీ బాకీని ప్రమాణపత్రం ద్వారా రుజువు చేసుకోవాలి. దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపినా చెల్లుతుంది. అతని జాబితాలో మీ పేరు లేకపోయినా, విడుదల ఉత్తర్వు వచ్చేలోపు ఇవ్వవచ్చు. తక్‌పట్టీ, కాటా చీటీ, ప్రామిసరీ నోటు, ఫోన్‌లో వచ్చిన చెల్లింపు మెసేజ్‌లు, ఏదున్నా జతచేయండి. నోటుకు మూడేళ్ల గడువు దాటకుండా చూసుకోండి. మోసం చేసి తెచ్చిన అప్పు విడుదల ఉత్తర్వుతోనూ పోదు.

అయితే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. తనఖా ఉన్న బ్యాంకు తన వాటా ముందే తీసుకుంటుంది. తర్వాత ప్రభుత్వ బకాయిలు, పనివాళ్ల జీతాలు. మిగిలినదాన్నే అందరికీ దామాషాలో పంచుతారు. అందుకే అరువు మీద సరుకు వదిలేముందు చేతికి కాగితం తీసుకోవడమే మేలు. కొన్నది కంపెనీ అయితే దారి వేరు. 2016 దివాలా స్మృతి ప్రకారం, పత్రికా ప్రకటనలో చెప్పిన గడువులోగా క్లెయిమ్ వేయాలి.

ఆ స్మృతిలోనే నిరుపేద అప్పులవారి కోసం కొత్త జీవితానికి వీలిచ్చే అధ్యాయం ఉంది. ఏడాదికి రూ.60,000 లోపు ఆదాయం, రూ.20,000 లోపు ఆస్తి, రూ.35,000 లోపు అప్పు, సొంత ఇల్లు లేకపోవడం షరతులు. ఈ లెక్కల్లో ఎంతమంది రైతులు పడతారో మీరే చూడండి. పైగా అది నేటికీ అమల్లోకి రాలేదు. కంపెనీలకు తెరిచిన తలుపు పేదవాడికి ఇన్నేళ్లూ మూసి ఉంచడం అన్యాయమే.

అప్పుల్లో ఉన్నది మీరే అయితే, ఐపీ పెట్టినా బ్యాంకులో తనఖా పెట్టిన పొలానికి రక్షణ దొరకదు. నాగలి, ఎడ్లు, విత్తనాలు, సేద్యం చేసే రైతు కాపురముండే ఇల్లు మామూలు జప్తులోకి రావు. ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి అక్కడ లాయరు ఉచితం.