ఫొటోను కుదించు విధము

గద్వాలలో మేమున్న వీథిలో నేతవారి యిండ్లు మెండు. అందొక యింటి పిల్ల డిగ్రీ ముగించి, పోయిన యేడు బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెట్టదలచి, గడువు తీరు దినమున దీపాలవేళకు నెట్ సెంటరునకు పరుగెత్తినది. అచటివాడు రద్దీలో నుండి, ఆమె ఫొటోను చిటికెలో చిన్నది చేసి యెక్కించి పంపెను. కొన్ని వారములకు హాల్ టికెట్టు వచ్చినది. చూతుము గదా, కోలముఖము గల పిల్ల గుమ్మడికాయవంటి ముఖముతో నగపడుచున్నది! పరీక్షనాడు ద్వారమునొద్ద ఆధారు కార్డును, హాల్ టికెట్టును, పిల్లను మార్చి మార్చి చూచిరట. తుదకు లోనికి పోనిచ్చిరి గాని, ఆ బెదురుతో చేతికి వచ్చిన లెక్కలు గూడ చేయలేకపోతినని యా పిల్ల మాయింటికి వచ్చి కంట తడి పెట్టినది.

ఆనాడే యీ పని నేర్చుకొనవలెనని మేము నిశ్చయించితిమి. మావారు బడిపిల్లల ఫొటోలను కంప్యూటరులో నెక్కించుచుండువారు గాన, గురువు నింటనే దొరికెను.

సోదరీమణులారా, చీరమీద బుటా వేయుటకు ముందు గ్రాఫు కాగితముపై గళ్లు నింపి దాని రూపము గీయుదురు గదా. ఆ గళ్లను బట్టియే అట్టలకు రంధ్రములు పొడిచి జకార్డునకు గట్టుదురు. ఫోనులోని ఫొటోయు నట్టి గళ్ల కాగితమే. ఒక్కొక్క గడికి పిక్సెలని పేరు. నేటి ఫోను నిలువుగా తీసిన ఫొటోలో సాధారణముగా 3000 గళ్ల వెడల్పు, 4000 గళ్ల యెత్తు, వెరసి 1 కోటి 20 లక్షల గళ్లుండును. బ్యాంకు పరీక్షలు నడుపు ఐబీపీఎస్ సంస్థవారు తమ ప్రకటనలలో కోరుచు వచ్చినది 200 గళ్ల వెడల్పు, 230 గళ్ల యెత్తు మాత్రమే. అనగా 46,000 గళ్లు. రమారమి 260 గళ్లున్నచోట నొక్కటి మిగులునన్నమాట.

ఇక ముఖము గుమ్మడికాయ యగుటకు కారణము వినుడు. 3000 వెడల్పునకు 4000 యెత్తు గల పొడవాటి చిత్రమును 200కు 230 చట్రములో కూరినచో, వెడల్పుకంటె నెత్తు ఎక్కువగా నణగును. 3000 వెడల్పునకు సరిపడు నెత్తు 3450 మాత్రమే. కాన మిగిలిన 550 గళ్లను తలపైనుండియో రొమ్ము క్రిందినుండియో ముందుగా కత్తిరింపవలెను. దీనినే క్రాప్ అందురు. కత్తిరించిన పిమ్మటనే కుదింపవలెను. కంప్యూటరులోని పెయింటులో రీసైజ్ అనుచోట, వెడల్పు మార్చగా నెత్తును దానితోపాటు తగ్గునట్లు చేయు గుర్తు కలదు. దానిని తీసివేయరాదు. ఆ తొందరలో నెట్ సెంటరువాడు చేసినది యిదియే కావచ్చును.

గళ్ల లెక్క వేఱు, బరువు వేఱు. ఆ సంస్థవారే ఫొటో 20 మొదలు 50 కిలోబైట్ల లోపల నుండవలెనందురు. జేపెగ్ పద్ధతిలో నాణ్యత తగ్గించినకొలది బరువు తగ్గును. అయితే అందు చిత్రము 8కి 8 గళ్ల ముక్కలుగా విభజింపబడి, ప్రతి ముక్కలోను సన్నని వివరము వదలివేయబడును. అందుచేత గళ్లు తగ్గింపక బరువునే తగ్గింపబూనిన, ముఖము పెంకులు పరచినట్లగును. ముందు గళ్లు తగ్గింపుడు. బరువు చాలవరకు తానే తగ్గును.

లంకలో ప్రవేశించుటకు హనుమంతుడు తన మేనును కుదించుకొనెను, పనిబడినప్పుడు మరల పెంచెను. ఫొటోకా వరము లేదు. వదలిన గడి మరల రాదు. అందువలన మొదటి ఫొటోను ముట్టక, నకలును మాత్రమే కుదింపవలెను. మరియు వాట్సాపులో ఫొటోగా పంపిన నదియే దానిని కుదించివేయును. డాక్యుమెంటుగా పంపినచో నున్నది యున్నట్లు చేరును.

సంతకము సంగతి మరువరాదు. పెద్ద తెల్లకాగితము నడుమ చేసిన సంతకమును కాగితముతో సహా కుదించిన చీమ ప్రాకినట్లుండును. అంచులదాక కత్తిరించి 140కి 60 గళ్లు చేయవలెను. ఇంగ్లీషు పెద్దబడి అక్షరములతో చేసిన సంతకము చెల్లదని ప్రకటనలో నున్నది. మన యిండ్లలో నట్లు పొడి పొడి యక్షరములతో వ్రాయువారెందఱో!

వనపర్తిలోని మా పెదతల్లి కూతురు గద్వాల చీరలు తెప్పించి, ఫొటోలు చూపి యమ్ముచుండును. సన్నగళ్ల చీర యొకటి చూచి నాగర్‌కర్నూలునుండి యొకామె, నేతలో అలలు దేలినవి, మాకక్కఱలేదని వ్రాసెనట. చీర చక్కగనే యున్నది. ఫొటో కుదింపులో చీర గళ్లకును ఫొటో గళ్లకును పొత్తు కుదరక, లేని అలలు పుట్టినవి. అట్టి చీరకు పైట, అంచు కనబడునట్లు దగ్గరగా మరియొక ఫొటో తీసి చేర్చవలెను. పంపుటకు ముందు కుదించిన దానినే మనమొకసారి చూచుకొనవలెను.

ఉచితముగా ఫొటో కుదించెదమను వెబ్‌సైటులు పెక్కు గలవు. మన ముఖమును సంతకమును ఒక్కచోటనే ముక్కుమొగ మెఱుగనివారి చేతిలో పెట్టుట మాకు నచ్చదు. ఇంటిలోనే చేతనగు పనికి బయటివాని సాయమేల? ఇంకొకటి: ఫోను కెమెరాలో లొకేషన్ గుర్తు తెరచియున్నచో, ఫొటో తీసిన చోటి అక్షాంశ రేఖాంశములు ఫొటోలోనే దాగియుండును. కొన్ని వెబ్‌సైటులు వానిని తుడిచివేయును, అన్నియు తుడువవు. కెమెరా సెట్టింగులలో నా గుర్తును మూసివేసికొనుడు.

ఆ పిల్ల యీ యేడు మరల దరఖాస్తు పెట్టినది, గడువునకు తొమ్మిది దినములు ముందుగా. మా వసారాలో తెల్లగోడ యెదుట నిలుపుకొని ఫొటో మేమే తీసితిమి. కత్తిరించినది మాత్రము తానే. కోలముఖము కోలగనే వచ్చినది.