ఏడు రంగుల హాదీ

క్రికెట్ చరిత్రను మనం టెస్టుల కొలబద్దతోనే కొలుస్తాము. 1932లో లార్డ్స్ మైదానంలో భారత జట్టుకు నాయకత్వం వహించిన సి.కె.నాయుడుగారి పేరు చాలామందికి తెలుసు. కాని టెస్టు గడప తొక్కనందువల్ల మరుగునపడిన క్రీడాకారుల మాట ఏమిటి? ఈ ప్రశ్న తలెత్తినప్పుడల్లా మన హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ మహమ్మద్ హాదీగారు నాకు గుర్తుకు వస్తారు.

1899లో హైదరాబాదులో జన్మించిన హాదీగారు కేంబ్రిడ్జిలో చదివారు. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలలో టెన్నిస్ ఆడారు; డేవిస్ కప్‌లోనూ మన దేశానికి ప్రాతినిధ్యం వహించారు. హాకీ, ఫుట్‌బాల్, పోలో, టేబుల్ టెన్నిస్, చదరంగం కూడా చేపట్టి, క్రికెట్‌తో కలిపి ఏడు ఆటలలో ప్రవేశమున్నందున ‘రెయిన్‌బో హాదీ’ అని పేరు గడించారు. రంజీ ట్రోఫీ పోటీలు ప్రారంభమైన 1934-35లోనే మద్రాసు జట్టుపై అజేయంగా 132 పరుగులు చేశారు. ఆ పోటీల చరిత్రలో అదే మొట్టమొదటి శతకం. 1936లో విజయనగరం మహారాజకుమార్ నాయకత్వాన ఇంగ్లండు వెళ్లిన జట్టులో ఆయనా ఒకరు. అక్కడ మూడు టెస్టులు జరిగినవి. ఒక్కదానిలోనూ ఆయనకు చోటు దక్కలేదు. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు. 1971లో పుట్టిన ఊరిలోనే కన్నుమూశారు.

టెస్టు ఆడలేదు గనుక ఆ జీవితం అసంపూర్ణమని ఎవరైనా అనగలరా? పునాదిరాయి కంటికి కనిపించదు. అంతమాత్రాన గోపురం గాలిలో నిలువదు. రాష్ట్రాల జట్లలో ఆడినవారే భారత క్రికెట్‌కు ఆ పునాది.

నేడు ఆటల గంటను ట్యూషన్లకు ధారాదత్తం చేయాలనీ, ఆటస్థలంలో తరగతి గదులు కట్టాలనీ వాదించేవారు ఉన్నారు. కేంబ్రిడ్జి చదువు అందుకోగలిగిన హాదీగారితో మన పేద పిల్లలకు పోలికేమిటని వారు అడుగవచ్చు. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. అటువంటి అవకాశాలు నాడూ నేడూ కొందరికే. కాని దాని నుండి తేలవలసిన నిర్ణయం వేరు. సంపన్నుని బిడ్డకు క్లబ్బు ఉన్నది. ఇరుకు గల్లీలో పెరిగిన బిడ్డకు కళాశాల మైదానం తప్ప మరేమున్నది? దానినీ తీసివేస్తే పేదరికాన్ని సాకుగా చూపి పేదవానినే మరింత పేదను చేసినట్లు కాదా?

‘హాదీ’ అనగా మార్గం చూపువాడని అర్థం. చదువూ ఆటా పరస్పరం శత్రువులు కావని ఆయన జీవితం చూపిన మార్గం. విద్యార్థులారా, మీలో అందరూ శతకాలు చేయనక్కరలేదు. సాయంకాలం ఒక గంట మైదానంలో కనిపించండి. ఆ మైదానాన్ని మీకు మిగిల్చి ఉంచడం పెద్దలమైన మా బాధ్యత.