మళ్లీ పచ్చబడిన కళ్లు



మా సంఘములోని ఒక సహోదరునికి నాలుగు నెలల క్రితం హైదరాబాదులో కాలేయ మార్పిడి జరిగింది. భార్యయే తన కాలేయములో కొంత భాగమిచ్చింది. ఊరికి వచ్చి బాగుగా తిరుగుచుండగా గత నెలలో ఒళ్లంతా దురద మొదలైంది. తరువాత కళ్లు పచ్చబడ్డాయి, ఒక రాత్రి చలిజ్వరము వచ్చింది. మేము వెళ్లేసరికి బంధువులు పక్క ఊరినుండి కామెర్ల పసరు తెచ్చి గ్లాసులో పోసి ఉంచారు. ఆ గ్లాసు మేమే తీసి పక్కన పెట్టి, ముందు ఆసుపత్రికి ఫోను చేయించాము. ఒక పెద్దాయనకు మామీద కోపము కూడా వచ్చింది. ప్రార్థన చేసి, ఆ రాత్రే కారులో పంపించాము.

ఆ సహోదరి మాత్రం వాకిట్లో నిలబడి, "నేనిచ్చిన ముక్క మంచిది కాదేమో అయ్యగారూ" అని ఏడ్చింది.

అది నిజము కాదు. కాలేయములో ఊరే పైత్యరసము సన్నని నాళము గుండా పేగులోకి దిగుతుంది. మార్పిడిలో ఈ నాళమును కోసి తిరిగి కుట్టవలసిందే. కుట్టిన చోట రసము కారవచ్చు, లేదా కొంతకాలానికి మచ్చ కట్టి ఇరుకు కావచ్చు. బ్రతికియున్నవారి భాగములో నాళములు సన్ననివి, ఒక్కొక్కసారి రెండు మూడు ఉంటాయి గనుక ఈ చిక్కు ఎక్కువ. 1963లో అమెరికాలోని డెన్వరులో థామస్ స్టార్జల్ మనిషికి మొదటి మార్పిడికి పూనుకొన్న నాటినుండి శస్త్రవైద్యులను ఇది వేధిస్తూనే ఉన్నది.

ఇక మందులు. నిలిచిన పైత్యములో క్రిములు పెరిగితే చలిజ్వరము వస్తుంది. దానికి యాంటీబయాటిక్‌ను ఆలస్యము లేకుండా సెలైన్ ద్వారా ఎక్కించాలి. పైత్యము సాఫీగా పారుటకు ఉర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లపు బిళ్లలిస్తారు. (ఎలుగుబంటి పైత్యములో ఎక్కువగా ఉన్నందున దానికా పేరు. లాటినులో ఉర్సుస్ అంటే ఎలుగుబంటి.) దురదకు కొలెస్టిరమిన్ పొడి ఉన్నది, కాని అది తక్కిన మందులను పేగులోనే పట్టివేస్తుంది గనుక వాటితో కలిపి వేసికొనరాదు.

అయితే మచ్చ కట్టిన ఇరుకును ఏ బిళ్లా తెరువలేదు. నోటిగుండా గొట్టము పంపి, బెలూనుతో వెడల్పు చేసి స్టెంటు పెడతారు. ప్లాస్టిక్ స్టెంటు పూడిపోవును గనుక సుమారు 3 నెలలకొకసారి మార్చుతూ, తరచు ఏడాది దాకా తిరగవలసి ఉంటుంది. అదీ కుదరనప్పుడు మళ్లీ ఆపరేషను.

మాకు భయమంతా పసరు గురించి, షాపులో అడిగి కొనే బిళ్లల గురించి. ఇచ్చిన కాలేయమును శరీరము త్రోసివేయకుండా టాక్రోలిమస్ వాడుతారు. ఎరిత్రోమైసిన్ కలిస్తే రక్తములో అది పెరిగి మూత్రపిండములకు చేటు. క్షయకు వాడే రిఫాంపిసిన్ కలిస్తే తగ్గిపోయి కాలేయమే పోవచ్చు. పసరులో ఏమున్నదో ఎవరికి తెలుసు? పైగా కళ్లు పచ్చబడుట నాళము వలననా, శరీరము త్రోసివేయుట వలననా అన్నది పరీక్షలే చెప్పాలి.

సహోదరునికి స్టెంటు వేశారు, దురద తగ్గింది. సంక్రాంతి తరువాత మార్చుటకు వెళ్లాలి. దారి ఖర్చులకు మొదట డబ్బు తెచ్చి ఇచ్చినది ఆ కోపపడిన పెద్దాయనే.