వంతెన మీద ఫొటోలాయన

మొన్న పాత ఆల్బములు సర్దుతుంటే ఓ సంగతి తట్టింది. పెళ్ళిళ్ళు, సీమంతాలు, అన్నప్రాసనలు అన్నీ ఉన్నాయి. అమ్మ సంచీ పట్టుకుని బజారు నుంచి వస్తున్న ఫొటో మాత్రం ఒక్కటీ లేదు!

ఈ విషయంలో ఐర్లాండులోని డబ్లిన్ వాళ్ళు అదృష్టవంతులండీ. ఆర్థర్ ఫీల్డ్స్ అనే ఆయన అక్కడి ఓకానెల్ వంతెన మీద 1930ల నుంచి 1980ల దాకా కెమెరాతో నిలబడేవారు. దారిన పోయేవాళ్ళని క్లిక్‌మనిపించి చేతిలో చీటీ పెట్టేవారు. కావలసినవాళ్ళు స్టూడియోకెళ్ళి డబ్బు కట్టి ఫొటో తెచ్చుకునేవారు. చీకటి గదిలో వాటిని కడిగింది ఆయన భార్య డోరీన్. (ఆవిడ పేరు ఎంతమందికి తెలుసంటారు?)

ఆయన తీసినవి 1,82,000 పైమాటేనని అంచనా. డిసెంబరు 8న క్రిస్మస్ సరుకులకి పల్లెల నుంచి నగరానికి రావడం అప్పట్లో అక్కడి ఆనవాయితీ. ఆ పండగ సందడీ, మామూలు మంగళవారమూ ఆయనకి ఒకటే. పిల్లల చెయ్యి పట్టుకున్న తల్లులు, కొత్త జంటలు, పొడుగు కోట్లు, తర్వాత తర్వాత బెల్‌బాటాలు...

అయితే నెగటివ్‌లు దాచలేదు. కొనుక్కున్నవాళ్ళ ఇళ్ళల్లోనే ఫొటోలు మిగిలాయి. ఆయన 1994లో పోయారు. 2014లో ఆయన మీద డాక్యుమెంటరీ తీసినవాళ్ళు, మీ దగ్గరుంటే పంపండని జనాన్నే అడిగారు. వేలకొద్దీ వచ్చాయి!

నిన్న అమ్మ బెండకాయలు తరుగుతుంటే సెల్‌ఫోన్లో తీశాను. “జుట్టు చెదిరిందే, తీసెయ్యి” అంది.

తియ్యలేదు. ప్రింటు వేయించి, వెనకాల తేదీ రాసి పెట్టాను.