ఖాలా అడిగిన న్యాయం

ప్రేమ్‌చంద్ 1916లో ప్రచురించిన ‘పంచ్ పరమేశ్వర్’ కథను ప్రతి ఏటా పై తరగతి విద్యార్థులకు చదివి వినిపించడం మా అలవాటు. ఇద్దరు మిత్రుల కథగా, పంచాయితీ గొప్పతనం చెప్పే కథగా అది ప్రసిద్ధి. మాకు మాత్రం అది ముందుగా ఒక వృద్ధురాలి కథ.

జుమ్మన్ షేక్‌కు ఒక ఖాలా ఉంది. ఆమెకు కొద్దిపాటి ఆస్తి ఉంది. దగ్గరివారు వేరెవ్వరూ లేరు. జుమ్మన్ తీయని వాగ్దానాలు చేసి ఆ ఆస్తిని తన పేర రాయించుకున్నాడు. రిజిస్ట్రీ పూర్తయ్యేంతవరకు ఆమెకు మంచి మంచి వంటకాలు వడ్డించారు. పూర్తయిన పిమ్మట ఆదరణ కాస్తా ఆగిపోయింది. జుమ్మన్ భార్య కరీమన్ రొట్టె పెడుతూనే నిష్ఠూరాలాడేది. వేరుగా వండుకుంటాను, కొంత డబ్బు ఇమ్మని ఖాలా అడిగితే జుమ్మన్ కసిరికొట్టాడు.

పాఠకులు ఒక్క విషయం గమనించాలి. జుమ్మన్ ఆమెపై చేయి చేసుకోలేదు. అతడు హజ్ చేసి వచ్చినవాడు, ఊరిలో గౌరవం గలవాడు. నిన్నటివరకు ఇచ్చే చేయి ఆమెది. ఒక్క కాగితంతో ఆమెది అడిగే చేయి అయింది. ఇళ్ళలో దౌర్జన్యం తరచుగా ఇలాగే ప్రవేశిస్తుంది. దానికి కర్ర అవసరం లేదు, అన్నం పళ్ళెం చాలు.

ఒకసారి ఒక విద్యార్థి మమ్మల్ని ఇలా అడిగాడు: “హజ్రత్! మహ్రమ్ బంధువుకు హిబా చేసి స్వాధీనపరచిన ఆస్తిని తిరిగి తీసుకోరాదని హనఫీ ఫిఖహ్‌లో చదివాం కదా. మరి జుమ్మన్ తప్పేమిటి?”

మంచి ప్రశ్నే. ఆస్తి ఎవరిదన్నది ఒక విషయం, ఇచ్చిన మాట ఏమైందన్నది మరొక విషయం అని మేము సమాధానమిచ్చాము. మాట తప్పడాన్ని దైవప్రవక్త (స) కపటుల లక్షణాలలో ఒకటిగా పేర్కొన్నారు. ఇక ఖాలా స్థానమేమిటో కూడా ఆయనే తెలియజేశారు. హజ్రత్ హమ్జా (రజి) కుమార్తెను ఎవరు పెంచాలన్న వివాదం వచ్చినప్పుడు, ఆ పాపను హజ్రత్ జాఫర్ (రజి)కు అప్పగించారు. ఆయన సతీమణి ఆ పాపకు ఖాలా కావడమే కారణం. ఖాలాది తల్లి స్థానమని ఆ సందర్భంలోనే సెలవిచ్చారు. దస్తావేజు జుమ్మన్ పక్షాన ఉండవచ్చు. న్యాయం అతని పక్షాన లేదు.

కథలో ఖాలా చేతికర్ర పట్టుకుని ఊరూరా తిరిగింది. ఆమె గోడు ఓపికగా విన్నవారు బహు కొద్దిమంది. చివరకు జుమ్మన్ ప్రాణమిత్రుడైన అల్గూ చౌదరినే పంచ్‌గా కోరుకుంది. స్నేహం చెడుతుందని అతడు మొదట వెనుకాడాడు. ఆమె అడిగిన ఒక్క ప్రశ్న అతని అంతరాత్మను మేల్కొలిపింది. ఖాలాకు నెలనెలా ఖర్చు ఇవ్వాలి, లేదంటే హిబానామా రద్దవుతుందని అతడు తీర్పు చెప్పాడు.

ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా మా గొంతు తడబడుతుంది. కొన్నేళ్ళ క్రితం అస్ర్ నమాజు తర్వాత ఒక వృద్ధురాలు మా వద్దకు వచ్చింది. ఇల్లు రాయించుకున్న బంధువు తనను వంటింటి మూలకు నెట్టాడని కన్నీరు పెట్టుకుంది. “మీరొక్క మాట చెప్పండి మౌల్వీ సాబ్, మీ మాట వింటాడు” అంది. ఆ వ్యక్తి మా మదరసాకు బియ్యం పంపేవాడు. “సబర్ చేయమ్మా, అల్లాహ్ చూస్తున్నాడు” అని చెప్పి పంపించాము. మరుసటి సంవత్సరం ఆమె జనాజా నమాజు మేమే చేయించాము.

అల్లాహ్ చూస్తున్నాడన్నది నిజమే. ఆయన మమ్మల్ని కూడా చూస్తున్నాడని ఆ రోజు మరిచాము. సబర్ గొప్ప గుణం. కాని పీడితురాలికి సబర్ బోధించి పీడకుని ఎదుట మౌనం వహిస్తే, ఆ బోధ దౌర్జన్యానికి కాపలా అవుతుంది. సొంత వారికి, బంధువులకు వ్యతిరేకమైనా న్యాయంపై నిలబడాలని సూరహ్ నిసా 135వ ఆయత్ ఆదేశిస్తున్నది.

కనుక మా విన్నపం ఇది. వృద్ధుల నుండి ఆస్తి రాయించుకునేటప్పుడు వారి తిండి, వైద్యం, నివాసం గురించిన షరతును దస్తావేజులోనే రాయించండి. అలాంటి షరతుతో ఆస్తి తీసుకుని పోషించకపోతే, ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని 60 ఏళ్ళు నిండినవారు ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఈ హక్కు కల్పించింది. మస్జిద్ పెద్దలు మాత్రం విషయం అంతవరకు పోకముందే ఆ ఇంటి గడప తొక్కాలి.

కథ చివర జుమ్మన్ తానే పంచ్ స్థానంలో కూర్చుంటాడు. పగ తీర్చుకునే అవకాశం చేతికి వచ్చినా అల్గూకు న్యాయమే చేస్తాడు. దౌర్జన్యం చేసినవాడు కూడా మారగలడు. అయితే ముందుగా అతనికి నిజం చెప్పే మిత్రుడొకడు ఉండాలి.

ఆ మిత్రునిగా నిలిచే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మా ఆనాటి మౌనాన్ని మన్నించుగాక! ఆమీన్.